ద్విపరిమాణ గ్రాఫిక్ డిజైన్ అభ్యాసం

ద్విపరిమాణ గ్రాఫిక్ డిజైన్ అనగా పొడవు, వెడల్పు మాత్రమే గల తలముపై అక్షరాలను, బొమ్మలను, రంగులను, ఖాళీ స్థలాన్ని ఒక ప్రయోజనం కొరకు అమర్చే విద్య. ఆ తలము కాగితం కావచ్చు, గోడ కావచ్చు, గుడ్డ కావచ్చు, కంప్యూటరు తెర కావచ్చు. పుస్తకం అట్ట, గోడపత్రిక, చిహ్నం, మందుల పెట్టెపై చీటీ, శుభలేఖ, బస్సుల వేళల పట్టిక, పత్రిక పేజీ మొదలయినవన్నీ ఈ విద్య పరిధిలోనివే. దీనిని ఉపన్యాసాలు విని గాని, పాఠ్యపుస్తకం చదివి గాని నేర్చుకొనుట సాధ్యం కాదు. ఒక సమస్యను తీసుకొని, దానికి పరిష్కారం గీసి, నలుగురి ముందు పెట్టి, తప్పులు దిద్దుకొని మరల గీయడమే ఇందులోని బోధనా పద్ధతి. ఇటువంటి ఒక్కొక్క పనిని ప్రాజెక్టు అని, ఎంపిక చేసిన పనుల సంపుటిని పోర్ట్‌ఫోలియో అని వ్యవహరిస్తారు.

ఈ రంగంలో పట్టా కంటె పోర్ట్‌ఫోలియోకే విలువ ఎక్కువ. ఉద్యోగమిచ్చేవారు ముందుగా అడిగేది "ఏమి చదివావు?" అని కాదు, "ఏమి చేసావు?" అని. తెలుగునాట అనేక పట్టణాలలో మూడు నెలల, ఆరు నెలల డీటీపీ శిక్షణలు చాలాకాలంగా ఉన్నవి. వాటిలో సాఫ్ట్‌వేరు మెనూలు నేర్పుతారు, చివర ధ్రువపత్రం ఇస్తారు. ఆ పత్రం పట్టుకొని వెళ్ళిన విద్యార్థికి ఉపకరణం వాడడం వచ్చును గాని, చూపించుటకు చేతిలో పని ఉండదు. ఇంటివారు కూడబెట్టిన సొమ్ము ఫీజుకు పెట్టి వచ్చిన పిల్లల విషయంలో ఇది చిన్న నష్టం కాదు. ఈ తేడా ముందుగా తెలిసియుండుట అవసరం.

పేరు, పరిధి

గ్రాఫిక్ డిజైన్ అన్న పేరును అమెరికా దేశపు పుస్తక రూపశిల్పి విలియం అడిసన్ డ్విగిన్స్ 1922లో ఒక వ్యాసంలో వాడి ప్రచారంలోకి తెచ్చినట్లు సాధారణంగా చెబుతారు. పని మాత్రం అంతకంటె ఎంతో పాతది. భారతదేశంలోని లలితకళా కళాశాలలలో దీనికి దగ్గరగా ఉన్న చదువును అప్లైడ్ ఆర్ట్ లేదా కమర్షియల్ ఆర్ట్ అని పిలుస్తూ వచ్చారు. ఇటీవలి సంస్థలు విజువల్ కమ్యూనికేషన్, కమ్యూనికేషన్ డిజైన్ అనే పేర్లు పెట్టుకొన్నవి. పేరు ఏదైనను మొదటి సంవత్సరపు అభ్యాసాలు ఇంచుమించు ఒకటే.

చిత్రకళకు దీనికి గల భేదాన్ని విద్యార్థులు తొలిరోజులలోనే గ్రహించవలసి ఉంటుంది. చిత్రకారుడు తనకు తోచినది గీయవచ్చును. డిజైనరు మాత్రం మరొకరి అవసరానికి, మరొకరి కంటికి గీస్తాడు. బొమ్మ ఎంత అందంగా ఉన్నా, చదవవలసినవాడు చదవలేకపోతే ఆ పని విఫలమైనట్లే.

చరిత్ర

ప్రాజెక్టుల ద్వారా డిజైన్ నేర్పే ప్రస్తుత పద్ధతికి జర్మనీలోని బౌహౌస్ పాఠశాల ప్రధానమైన మూలం. దీనిని 1919లో వైమార్ నగరంలో వాల్టర్ గ్రోపియస్ అనే వాస్తుశిల్పి స్థాపించాడు. ఇక్కడ చేరిన ప్రతి విద్యార్థి ముందుగా ఒక ప్రాథమిక కోర్సు పూర్తి చేసిన తరువాతనే తనకు ఇష్టమైన శాఖకు వెళ్ళవలెను. ఆ కోర్సును మొదట యోహానెస్ ఇట్టెన్ నడిపాడు. 1923లో అతడు వెళ్ళిపోయిన తరువాత లాస్లో మొహోలి-నాగ్, యోసెఫ్ ఆల్బర్స్ చేపట్టారు. వాసిలీ కాండిన్స్కీ 1922 నుండి అక్కడ బోధించాడు. బిందువు, రేఖ, తలము అనే మూడింటిని గురించి అతడు వ్రాసిన పుస్తకం 1926లో వెలువడినది. పాఠశాల 1925లో డెస్సౌకు, 1932లో బెర్లిన్‌కు మారి, నాజీల ఒత్తిడి కారణంగా 1933లో మూతపడింది. ఉపాధ్యాయులు పలు దేశాలకు చెదరిపోవడంతో వారి బోధనా పద్ధతి కూడా వారి వెంట వెళ్ళింది. మూసివేత వలన ఆ చదువు నశించకపోగా మరింత విస్తరించింది.

ఆల్బర్స్ అమెరికాకు వెళ్ళి, మొదట బ్లాక్ మౌంటెన్ కళాశాలలోను, 1950 నుండి యేల్ విశ్వవిద్యాలయంలోను బోధించాడు. రంగులపై తన విద్యార్థులతో చేయించిన అభ్యాసాలను 1963లో "ఇంటరాక్షన్ ఆఫ్ కలర్" అనే గ్రంథంగా ప్రకటించాడు. స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నగరంలో ఆర్మిన్ హోఫ్‌మన్, ఎమిల్ రూడర్‌ల తరగతులు ప్రసిద్ధి పొందినవి. బిందువు, గీతలతో మొదలుపెట్టి గోడపత్రిక వరకు విద్యార్థిని నడిపించే హోఫ్‌మన్ పాఠక్రమం 1965లో పుస్తకరూపంలో వచ్చింది.

భారతదేశంలో ఛార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1958లో ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించారు. చేతివృత్తుల దేశం పారిశ్రామిక యుగంలోకి మారుతున్నపుడు డిజైన్ చదువు ఎలా ఉండవలెనో అందులో చర్చించారు. ఆ నివేదికలో వారు మెచ్చుకొన్న వస్తువు సామాన్యమైన చెంబు. దాని బరువు, మూతి వెడల్పు, పట్టుకొనే వీలు, ఒంపినపుడు నీరు జారే తీరు ఇవన్నీ తరతరాల వాడుకలో కుదిరినవని వారి భావం. ఈ నివేదిక తరువాత 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ (ఎన్ఐడీ) ఏర్పడింది. 1969లో బొంబాయి ఐఐటీలో పారిశ్రామిక డిజైన్ కేంద్రం (ఐడీసీ) మొదలయినది.

ప్రాథమిక అభ్యాసాలు

మొదటి కొన్ని వారాలు కంప్యూటరు ముట్టనివ్వని ఉపాధ్యాయులు ఇప్పటికీ కలరు. ఇది ఛాదస్తం కాదు. కంప్యూటరులో ఏ గీత గీసినా శుభ్రంగా కనిపిస్తుంది కాబట్టి, అమరిక సరిగా లేకున్నా పని పూర్తయినట్లు భ్రమ కలుగుతుంది. నల్లకాగితం, కత్తెర, జిగురుతో చేసిన పనిలో ఆ భ్రమకు తావు లేదు.

విస్తృతంగా వాడుకలో ఉన్న ఒక అభ్యాసం నాలుగు నల్ల చదరాలది. తెల్లని పెద్ద చదరంలో నాలుగు నల్ల చదరాలను మాత్రమే అమర్చి క్రమము, ఇరుకుదనము, ఉద్రిక్తత, ఆట, పెరుగుదల, ధైర్యము వంటి మాటలలో ఒక్కొక్కదానిని చూపవలెను. చదరాల పరిమాణం మార్చవచ్చును, ఒకదానిపై ఒకటి పెట్టవచ్చును, అంచు దాటించి కత్తిరించవచ్చును. బొమ్మలు, అక్షరాలు, రంగులు వాడరాదు. మొదట అందరూ చదరాలను మధ్యలోకి చేరుస్తారు. కొంతసేపటికి తెల్లని భాగం కూడా ఒక ఆకారమే అని తెలిసివస్తుంది. అది తెలియడమే ఈ అభ్యాసపు ప్రయోజనం. దీనిని ఆకృతి, నేపథ్యాల సంబంధం అంటారు. కన్ను దగ్గరగా ఉన్నవాటిని, పోలిక ఉన్నవాటిని ఒక గుంపుగా చూస్తుందన్న సూత్రాలను మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1923లో వివరించాడు. వీటినే గెస్టాల్ట్ సూత్రాలని పేర్కొంటారు.

గ్రిడ్ అనే మాట కొత్తగా తోచవచ్చును గాని, తెలుగు ఇళ్ళలో పెరిగినవారికి ఆ భావం కొత్త కాదు. చుక్కల ముగ్గులో చుక్కలు ముందుగా పడతాయి, గీత తరువాత వస్తుంది. చుక్కలు సమదూరంలో లేకపోతే ముగ్గు పక్కకు పోతుంది. ముగ్గు పూర్తయిన తరువాత చూసేవారి దృష్టి చుక్కలపై గాక గీతపై నిలుస్తుంది. పేజీ గ్రిడ్ కూడా ఇదే విధంగా పనిచేస్తుంది. చదివేవారికి గ్రిడ్ కనిపించదు, పేజీ కుదురుగా ఉన్నదని మాత్రం తోస్తుంది.

రంగుల అభ్యాసాలలో ఆల్బర్స్‌ది ప్రసిద్ధమైనది. ఒకే రంగు కాగితం నుండి రెండు చిన్న ముక్కలు కత్తిరించి, వేర్వేరు రంగుల నేపథ్యాలపై ఉంచి, అవి రెండూ వేర్వేరు రంగులని చూసేవారు భ్రమపడేటట్లు చేయవలెను. ముదురు నేపథ్యంపై ఉన్న ముక్క లేతగాను, లేత నేపథ్యంపై ఉన్నది ముదురుగాను తోస్తుంది. ఆల్బర్స్ దీనికి కుంచె, రంగుల కంటె రంగు కాగితాలనే ఇష్టపడ్డాడు. కుంచెతో కలిపిన రంగు రెండవసారి సరిగా అదే రాదు, కాగితం మారదు. ఈ అభ్యాసం చేసిన విద్యార్థి తరువాత ఎన్నడూ రంగును ఒంటరిగా ఎంచుకోడు, పక్కన ఏది ఉంటుందో చూసి ఎంచుకొంటాడు.

ప్రాజెక్టు నడిచే తీరు

ప్రాజెక్టుకు మొదటి మెట్టు బ్రీఫ్. ఎవరి కొరకు, ఏమి చెప్పవలెను, ఎక్కడ ఉంచుతారు, ఎంత కొలత, ఎన్ని రంగులు, ఎప్పటికి కావలెను అన్న విషయాలు ఇందులో ఉంటాయి. "మంచి పోస్టరు చేయుము" అన్నది బ్రీఫ్ కాదు. నిర్బంధాలు లేని ప్రాజెక్టు విద్యార్థికి సులభంగా తోచినా, అందులో నేర్చుకొనేది తక్కువ.

ఉదాహరణకు ఒక పల్లె బస్టాండులోని వేళల పట్టికను తిరిగి రూపొందించే ప్రాజెక్టును పరిశీలించవచ్చును. చాలాచోట్ల ఇటువంటి పట్టికలు బస్సు బయలుదేరే వేళ ప్రకారం వ్రాయబడి ఉంటాయి. విద్యార్థి కాగితం పట్టుకొని ఒక పూట అక్కడ నిలబడితే, ప్రయాణికులు వేళను గాక ఊరిని వెదుకుతారని తెలుస్తుంది. వారి ప్రశ్న "ఫలానా ఊరికి తరువాతి బస్సు ఎప్పుడు?" అన్నదే. కనుక పట్టికలో మొదట ఊరి పేరు, దాని ఎదుట వేళలు రావలెను. 17.30 అని వ్రాస్తే కొందరు తడబడతారు, సాయంత్రం 5.30 అంటే తడబడరు. కాని ప్రతి వేళకు ముందు "సాయంత్రం" అని వ్రాస్తే పట్టిక నిండిపోతుంది. ఉదయపు వేళలను ఒక నిలువు వరుసలోను, సాయంత్రపు వేళలను మరొక వరుసలోను పెడితే ఆ మాట ఒక్కసారి వ్రాస్తే చాలును. రోజుకు ఒకే బస్సు ఉన్న ఊళ్ళకు ప్రత్యేకమైన గుర్తు అవసరం, ఎందుకనగా ఆ బస్సు తప్పితే రాత్రికి ఇల్లు చేరే దారి లేదు. ఆ విషయం మిగిలిన పట్టికలో కలిసిపోకూడదు.

ఇంతవరకు విద్యార్థి ఒక్క అక్షరమైనా అందంగా వ్రాయలేదు. అయినను ప్రాజెక్టులో సగం పని పూర్తయినది.

తరువాత చిత్తు నమూనాలు. అగ్గిపెట్టె అంత పరిమాణంలో ఇరవై, ముప్పై చిన్న బొమ్మలు పెన్సిలుతో వేస్తారు. మొదటి ఐదారు అందరికీ తోచేవే అయి ఉంటాయి. అవి అయిపోయిన తరువాతనే కొత్త ఆలోచన పుడుతుంది కాబట్టి ఉపాధ్యాయులు సంఖ్యను పట్టుబడతారు. వాటిలో రెండు మూడింటిని పెద్దవిగా గీసి, ఒకదానిని అసలు కొలతలో తయారుచేస్తారు. చివర పరీక్ష. పట్టికను గోడకు అంటించి, చూడని వారిని పదిమందిని పిలిచి, ఒక ఊరి బస్సు వేళ కనుగొనమని అడిగి, ఎంతసేపు పట్టిందో గడియారంతో కొలుస్తారు. పాత పట్టికతో కూడా ఇదే విధంగా కొలిచి ఉంటే పోల్చుటకు వీలుంటుంది. ఆ పదిమందిలో కళ్ళజోడు లేని ముసలివారు ఒక్కరైనా ఉండుట మంచిది. ఆంగ్ల బోర్డుల తయారీలో పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం అనే మోటు లెక్క ఒకటి కలదు. తెలుగులో అక్షరం క్రింద వత్తు కూడా చదవబడవలెను కనుక ఆ లెక్కను యథాతథంగా తీసుకోరాదు.

విమర్శ

పూర్తయిన పనులను గోడకు తగిలించి తరగతి అంతా చర్చించడాన్ని క్రిటిక్ అంటారు. అలవాటు లేని విద్యార్థులకు ఇది కష్టంగా ఉంటుంది. మార్కుల కాగితం ఎవరికీ చూపకుండా దాచుకోవచ్చును గాని, గోడపై ఉన్న పనిని దాచలేరు. సరిగా నడిచిన చర్చలో "బాగుంది", "బాగాలేదు" అన్న మాటలకు విలువ లేదు. "నాకు మొదట తేదీ కనిపించింది, స్థలం కనిపించలేదు" అన్నది పనికివచ్చే మాట. పని చేసినవాడు మొదట మాట్లాడకుండా వినవలెనన్న నియమం కొన్ని తరగతులలో పాటిస్తారు. గోడపత్రిక పక్కన నిలబడి ఎవరూ దానిని వివరించరు కాబట్టి ఈ నియమం న్యాయమైనదే. అయితే విమర్శ పేరుతో విద్యార్థిని హేళన చేయుట కొన్నిచోట్ల సంప్రదాయంగా మారింది. ఆ విధంగా నేర్చుకొన్నవారు సాహసించడం మానుకొని, ఉపాధ్యాయునికి నచ్చేదే గీయడానికి అలవాటు పడతారు.

తెలుగు లిపితో పని

గ్రాఫిక్ డిజైన్ పాఠ్యపుస్తకాలు చాలావరకు రోమన్ లిపిని దృష్టిలో ఉంచుకొని వ్రాయబడినవి. వాటిలోని సూత్రాలను తెలుగుకు నేరుగా అన్వయిస్తే పని చెడుతుంది. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడనే.

మొదటిది, పంక్తుల మధ్య దూరం. రోమన్ లిపిలో అక్షర పరిమాణానికి 120 శాతం దూరం సాధారణం. తెలుగులో గుడి, తలకట్టు పైకి, వత్తులు క్రిందికి పోతాయి. "రాష్ట్రీయ", "శాస్త్రీయ" వంటి మాటలలో అక్షరం క్రింద రెండు వత్తులు వస్తాయి. పై పంక్తిలోని వత్తు క్రింది పంక్తిలోని గుడిని తాకకుండా ఉండవలెనంటే దూరం మరింత పెంచవలెను. నమూనా పేజీని సులభమైన మాటలతో గాక ఇటువంటి మాటలతోనే పరీక్షించుట మంచి అలవాటు.

రెండవది, ప్రాధాన్యం చూపే సాధనాలు. ఆంగ్లంలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, వాలు అక్షరాలు ఉన్నవి. తెలుగులో పెద్దబడి, చిన్నబడి భేదం లేదు. వాలు అక్షరాలు లిపి సంప్రదాయంలోనివి కావు, కంప్యూటరు వాటిని బలవంతంగా వంచి చూపుతుంది. కాబట్టి తెలుగు డిజైనరుకు మిగిలేవి పరిమాణం, మందం, రంగు, ఖాళీ స్థలం, వేరొక అక్షరశైలి మాత్రమే. సాధనాలు తక్కువైనందువలన ఖాళీ స్థలాన్ని వాడే నేర్పు ఇక్కడ మరింత అవసరమవుతుంది. మన కరపత్రాలలో ఒక్క అంగుళం కూడా ఖాళీ వదలకపోవడం, ప్రతి మాటకు వేరొక రంగు వేయడం ఈ నేర్పు కొరవడినందువలన వచ్చిన దోషాలు.

మూడవది, మాటల పొడవు. సంధులు, సమాసాలు, విభక్తి ప్రత్యయాలు కలిసి తెలుగు మాటలు పొడవుగా ఉంటాయి. సన్నని కాలములో రెండు అంచులూ సమం చేస్తే మాటల మధ్య పెద్ద ఖాళీలు పడతాయి. ఎడమ అంచు మాత్రమే సమం చేసి కుడివైపు వదిలివేయడం నయం. మాటను విరవవలసి వస్తే అక్షరం ముగిసినచోట విరవవలెను, హల్లును దాని వత్తు నుండి వేరుచేయరాదు.

సాంకేతిక చిక్కులు కూడా కలవు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి తొలి కూర్పు నుండి స్థానమున్నా, ముద్రణ రంగం చాలాకాలం అను వంటి సొంత సంకేతాల ఫాంట్ల మీద నడిచింది. ఒక ఫాంటులో కొట్టిన పాఠం మరొక ఫాంటులో పిచ్చి గుర్తులుగా మారేది. యూనికోడ్ పాఠాన్ని సరిగా చూపుటకు ఇన్‌డిజైన్ వంటి వాటిలో భారతీయ లిపులకు తగిన పాఠ అమరికను ఎంచుకోవలసి ఉంటుంది. ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పొల్లులుగా కనిపిస్తాయి. తెలుగు చదవలేని డిజైనరు ఆ తప్పును గుర్తించలేడు, అదే రూపంలో ముద్రించబడిన బోర్డులు మహానగరాలలో నేటికీ కనిపిస్తాయి. రామభద్ర, మండలి, ఎన్‌టీఆర్, సూరన్న, ధూర్జటి, పెద్దన వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచిత లైసెన్సుతో లభించడం విద్యార్థులకు గొప్ప మేలు చేసింది.

చేతివ్రాత అభ్యాసం మాత్రం మానరాదు. తెలుగు పుస్తకాల అట్టలకు, శీర్షికలకు బాపు (1933-2014) వ్రాసిన అక్షరాలు ఒక శైలిగా నిలిచి, తరువాత ఫాంటు రూపం కూడా పొందినవి. అతడు చదివినది న్యాయశాస్త్రం. చిత్రకళలో పట్టా లేకుండానే పత్రికలకు వేసిన బొమ్మలే అతని పరిచయపత్రంగా పనిచేసాయి. విద్యార్థులు ఆ శైలిని అనుకరించడం సహజం. అయితే అందరూ అనుకరించినందువలన శుభలేఖల నుండి హోటలు బోర్డుల వరకు అదే అక్షరం కనిపించి, దాని ప్రత్యేకత కొంత తగ్గినది.

ముద్రణకు సిద్ధం చేయుట

తెరపై రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులతో ఏర్పడతాయి. ముద్రణలో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతో ఏర్పడతాయి. తెరపై మెరిసిన ఆకుపచ్చ కాగితంపై వెలిసినట్లు రావడానికి కారణం ఇదే. ఫొటోలకు సాధారణంగా అంగుళానికి 300 పిక్సెళ్ళు అవసరం. దూరం నుండి చూసే పెద్ద ఫ్లెక్సీలకు అంత అవసరం లేదు. కాగితం అంచు వరకు రంగు ఉన్నపుడు కత్తిరింపు కొరకు నాలుగు వైపులా 3 మి.మీ. అదనంగా వదలవలెను. చిన్న అక్షరాలను నాలుగు సిరాల మిశ్రమంతో గాక ఒక్క నలుపుతోనే ముద్రించవలెను, లేనిచో సిరాలు కొద్దిగా జరిగినా అక్షరం మసకబారుతుంది. ముదురు రంగుపై తెల్లని తెలుగు అక్షరాలు వేసినపుడు సిరా పాకి సన్నని వత్తులు పూడుకుపోతాయి.

ప్రెస్సుకు పంపేముందు అక్షరాలను కర్వ్స్‌గా మార్చడం పరిపాటి. ఆ తరువాత అవి అక్షరాలు కావు, గీతలు మాత్రమే. అచ్చుతప్పు కనిపించినా దిద్దలేరు. కనుక ప్రూఫు దిద్దిన తరువాతనే మార్చవలెను, మార్చని ప్రతిని విడిగా దాచుకోవలెను. ఈ ఒక్క జాగ్రత్త లేక పెళ్ళి తేదీ తప్పుగా అచ్చయిన శుభలేఖలు ఎన్నో.

లోకానికి చేరిన విద్యార్థుల పనులు

విద్యార్థి దశలో చేసిన పని తరగతి గోడకే పరిమితం కావలెనన్న నియమం లేదు. 1970లో అమెరికాలోని కంటైనర్ కార్పొరేషన్ నిర్వహించిన పోటీలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థి గ్యారీ ఆండర్సన్ పంపిన మూడు బాణాల గుర్తు నేడు పునర్వినియోగ చిహ్నంగా ప్రపంచమంతటా కనిపిస్తున్నది. 1971లో పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయ విద్యార్థిని కరొలిన్ డేవిడ్‌సన్ నైకీ సంస్థకు గీసిన చిహ్నానికి 35 డాలర్లు పుచ్చుకొన్నది. గంటల లెక్కన కూలి కట్టిన ఆ సొమ్ము తరువాత డిజైన్ తరగతులలో సామెతలా మారింది. 1983లో సంస్థ ఆమెకు కొన్ని వాటాలు ఇచ్చి గౌరవించింది.

దూరదర్శన్ చిహ్నం జాతీయ డిజైన్ సంస్థలో విద్యార్థిగా ఉన్న దేవాశిష్ భట్టాచార్య గీసినది. ఒక వృత్తం చుట్టూ రెండు వంపులు కలిసి కన్ను ఆకారం ఏర్పడుతుంది. 1976లో దూరదర్శన్ ఆకాశవాణి నుండి విడిపోయిన కాలంలో ఈ చిహ్నం వాడుకలోకి వచ్చింది. రూపాయి గుర్తు 2010 జూలై 15న ప్రకటించబడినది. దాని రూపకర్త డి. ఉదయకుమార్ అప్పటికి బొంబాయి ఐఐటీలో తమిళ అక్షర రూపాలపై పరిశోధన చేస్తున్న విద్యార్థి. దేవనాగరి ర, రోమన్ ఆర్ అక్షరాల కలయికకు పైన రెండు అడ్డగీతలు కలిపాడు. సంవత్సరాల తరబడి అక్షరాల వంపులను పరిశీలించిన చేతికి ఆ గుర్తు తట్టడంలో ఆశ్చర్యం లేదు.

పోర్ట్‌ఫోలియో

చేసిన పనులన్నీ కుప్పగా పోస్తే పోర్ట్‌ఫోలియో కాదు. సాధారణంగా ఎనిమిది నుండి పన్నెండు పనులు చాలునని అనుభవజ్ఞులు చెబుతారు. చూసేవారు అన్నిటికంటె బలహీనమైన పనిని గుర్తుంచుకొంటారు కాబట్టి సందేహమున్న పనిని తీసివేయుటే మేలు. బలమైన పనితో మొదలుపెట్టి, మరొక బలమైన పనితో ముగించడం ఆనవాయితీ.

ప్రతి పనికి నాలుగైదు వాక్యాల వివరణ ఉండవలెను: సమస్య ఏమిటి, నిర్బంధాలు ఏమిటి, ఎందుకు ఈ పరిష్కారం ఎంచుకొన్నారు, ఏ సంవత్సరం చేసారు. బృందంగా చేసిన పని అయితే తాను చేసిన భాగమేదో స్పష్టంగా వ్రాయవలెను. చివరి రూపంతో పాటు చిత్తు బొమ్మలను, వదిలివేసిన నమూనాలను ఒకటి రెండు పనులకైనా జతచేయుట మంచిది. చివరి రూపం అందంగా ఉన్నదా అన్నది చూసినవెంటనే తెలుస్తుంది. ముఖాముఖిలో ప్రశ్నలు మాత్రం "ఈ రంగు ఎందుకు?", "ఇది ఎందుకు వదిలివేసారు?" అన్న వైపే సాగుతాయి. ప్రసిద్ధ సంస్థల చిహ్నాలను ఊహించి మార్చిన పనులు విద్యార్థుల పోర్ట్‌ఫోలియోలలో విరివిగా కనిపిస్తాయి. ఆ సంస్థల అసలు ఇబ్బందులు విద్యార్థికి తెలియవు కనుక అటువంటివి సాధన కొరకు మంచివే గాని సాక్ష్యంగా బలహీనమైనవి. ఊరి గ్రంథాలయానికి చేసిన సభ్యత్వ కార్డు, బడి వార్షిక సంచిక, వీధి చివరి మిఠాయి దుకాణపు పెట్టె వీటికంటె ఎక్కువ చెబుతాయి, ఎందుకనగా అక్కడ డబ్బు తక్కువ, గడువు తక్కువ, యజమాని అభిప్రాయం గట్టిది.

ముద్రిత పోర్ట్‌ఫోలియోకు ఏ4 (210 × 297 మి.మీ.) లేదా ఏ3 (297 × 420 మి.మీ.) కొలతలు అనుకూలం. పంపుటకు పీడీఎఫ్ ప్రతి కూడా ఉండవలెను. దానిని చాలామంది ఫోనులోనే తెరచి చూస్తారు కాబట్టి చిన్న తెరపై వివరణ చదవగలిగేలా ఉన్నదో లేదో పరీక్షించుకోవలెను. కంప్యూటరు కొనలేని విద్యార్థి నోటు పుస్తకంలోని చిత్తు బొమ్మలను, కాగితపు నమూనాలను పగటి వెలుగులో, నీడ పడకుండా, కాగితానికి సూటిగా ఫొటో తీసి పోర్ట్‌ఫోలియోలో చేర్చవచ్చును. మొదటి సంవత్సరపు అభ్యాసాలకు ఇది ఏమాత్రం లోపం కాదు.

హక్కులు, నిజాయితీ

భారత కాపీరైటు చట్టం (1957) ప్రకారం చిత్రము, చిహ్నము వంటి కళాకృతులపై హక్కు సాధారణంగా సృష్టించినవారిదే. ఉద్యోగంలో భాగంగా చేసిన పనిపై మరొక ఒప్పందం లేనపుడు హక్కు యజమానికి చెందుతుంది. అంతర్జాలంలో దొరికిన ఫొటో ఉచితం కాదు, ఫాంటు కూడా కాదు. అభ్యాసం కొరకు వాడిన ఇతరుల బొమ్మలను పోర్ట్‌ఫోలియోలో అదే విధంగా పేర్కొనవలెను.

2022 నుండి మాటలు వ్రాస్తే బొమ్మ గీసి ఇచ్చే కృత్రిమ మేధ సాధనాలు విరివిగా అందుబాటులోకి వచ్చాయి. అందువలన చివరి బొమ్మ ఒక్కటే నైపుణ్యానికి రుజువుగా నిలబడుట కష్టమైనది, చిత్తు పుస్తకం విలువ పెరిగింది. ఆ సాధనాల తొలి తరాలు తెలుగు అక్షరాలను అర్థంలేని వంపులుగా గీసేవి. తెలుగు చదవగల డిజైనరు కన్ను ఎందుకు అవసరమో అవి వద్దన్నా చూపించాయి.

ఉపకరణాలు

అచ్చురంగంలో పేజ్‌మేకర్ (1985), కోరెల్‌డ్రా (1989), ఫొటోషాప్ (1990), ఇన్‌డిజైన్ (1999) ఒక్కొక్క కాలంలో ప్రధానంగా వాడబడినవి. ఇల్లస్ట్రేటర్ 1987లో వచ్చింది. అడోబీ సంస్థ 2013 నుండి చందా పద్ధతికి మారడంతో విద్యార్థులపై ఖర్చు నెలనెలా పడసాగింది. ఉచితంగా లభించే ఇంక్‌స్కేప్, గింప్, స్క్రైబస్‌లతో కూడా ఈ వ్యాసంలో పేర్కొన్న ప్రాజెక్టులన్నీ చేయవచ్చును. స్క్రైబస్ పాత కూర్పులలో తెలుగు అక్షరాలు విడిపోయేవి, 1.5 తరం నుండి ఆ లోపం తీరింది.

విద్యావకాశాలు

బొంబాయి ఐఐటీ నిర్వహించే యూసీడ్ పరీక్ష డిగ్రీ స్థాయికి, సీడ్ పరీక్ష పీజీ స్థాయికి ఉద్దేశించినవి. జాతీయ డిజైన్ సంస్థలకు డాట్ అనే ప్రత్యేక పరీక్ష కలదు. ఆంధ్ర ప్రదేశ్‌లోని జాతీయ డిజైన్ సంస్థ 2015లో మొదలై, 2019 నాటి చట్ట సవరణ ద్వారా జాతీయ ప్రాముఖ్యత గల సంస్థగా గుర్తింపు పొందినది. హైదరాబాదులో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం అప్లైడ్ ఆర్ట్‌లో డిగ్రీ అందిస్తున్నది. హైదరాబాదు ఐఐటీలో డిజైన్ విభాగం, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లలితకళల విభాగం ఉన్నవి. ఈ ప్రవేశ పరీక్షలలో బొమ్మ గీసే నేర్పుతో పాటు పరిశీలనా శక్తిని కూడా పరీక్షిస్తారు. బస్టాండులో ఒక పూట నిలబడి కాగితంపై వ్రాసుకొన్న విద్యార్థికి ఆ భాగం అంత కష్టం కాదు.